ఫైలులో లేని ఫొటోలు: ఒక పాత ఫుల్వియా కొన్న నా అనుభవం

ఇటలీలో పాత కార్ల అమ్మకపు ప్రకటనల్లో అందరూ ఉదారంగా వాడే మాట ‘రెస్తౌరో తొతాలే’. కారును చివరి బోల్టు దాకా విప్పి, రేకు బాగుచేసి, రంగు వేసి, తిరిగి కట్టామని దాని అర్థం. లాంచా కంపెనీ వారి పాత రెండు తలుపుల కారు ఫుల్వియా కూపే ఒకటి కొనాలని తొమ్మిది నెలలు తిరిగిన మీదట ఆ మాటకు ఎన్ని అర్థాలు ఉండవచ్చో నాకు తెలిసివచ్చింది. కొందరు నిజంగానే విప్పి కట్టించారు. కొందరు ఇంజను చేయించి బాడీ జోలికి పోలేదు, కొందరు బాడీకి రంగు కొట్టించి ఇంజను జోలికి పోలేదు. ఒకాయన సీట్లకు కొత్త గుడ్డ కుట్టించి అదే మాట రాసుకున్నాడు. చివరకు నేను కొన్నది నిజంగా విప్పి కట్టిన కారే అయినా, అందులోనూ ఒక మూల పని జరగకుండా మిగిలిపోయింది. దాని ఆచూకీ మాకు మొదట దొరికింది కారుతోపాటు ఇచ్చిన ఫొటోల ఫైలులో. అలాంటి కారు కొనే ఆలోచన ఉన్నవాళ్లకు ఉపయోగపడవచ్చునని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నాది విజయవాడ. పన్నెండేళ్లుగా టొరీనోలో ఉద్యోగం చేస్తున్నాను. మన పత్రికల్లో దాన్ని టురిన్ అని రాస్తారు. నేను అద్దెకుండే బోర్గో సాన్ పావొలో పేటలోనే ఒకప్పుడు లాంచా కర్మాగారం ఉండేది. విన్చెన్జో లాంచా 1906లో స్థాపించిన ఆ కంపెనీకి కార్యాలయంగా కట్టిన ఎత్తయిన భవనం, ఆయన పేరే పెట్టుకున్న వీధి మీదుగా, కింద నుంచి బండ్లు పోయేలా ఇప్పటికీ నిలబడి ఉంది. మనలో కారు కంపెనీల పేర్లు తెలిసినవాళ్లు దీన్ని లాన్సియా అంటారు. ఇక్కడ అలా అంటే ఎవరూ కోప్పడరు కానీ వెంటనే సరిదిద్దుతారు. మా ఇంట్లో, చిన్నప్పుడు, నాన్నగారికి ప్రీమియర్ పద్మిని ఉండేది. బొంబాయిలో తయారైనదే అయినా అది ఫియట్ 1100 నుంచి వచ్చిన బండి కాబట్టి ఊళ్లో అందరికీ ‘ఫియట్ కారు’ అనే తెలుసు. దాని తుప్పు సంగతి మా బాబాయి ఆటోనగర్‌లో ఉన్న తన టింకరింగ్ షెడ్డులో చూసుకునేవాడు. వేసవి సెలవుల్లో ఆ షెడ్డులో సుత్తి అందిస్తూ, లప్పం కలుపుతూ నేర్చుకున్నది నాకు ఇన్నేళ్ల తరువాత ఇక్కడి పీడ్‌మాంట్ ప్రాంతపు కొండల్లో అక్కరకు వచ్చింది.

ఫుల్వియానే ఎందుకని ఇక్కడి మిత్రులు కూడా అడిగారు. ఇటలీ కూపే అనగానే అందరికీ ఆల్ఫా రోమియో గుర్తొస్తుంది, దాని ధర కూడా అందుకు తగ్గట్టే ఉంటుంది. ఫుల్వియా కూపేను 1965లో విడుదల చేశారు. కంపెనీలోనే పనిచేసే పియెత్రో కస్తాన్యేరో దాని రూపం గీశాడు. రీవా మోటారు పడవల తీరు ఆయన మనసులో ఉందని చెబుతారు. వెనుక భాగం సన్నగా, వాలుగా ముగిసే పద్ధతి చూస్తే ఆ మాట నమ్మబుద్ధి వేస్తుంది. నన్ను ఎక్కువగా పట్టి లాగింది మాత్రం బానెట్ కింద ఉన్న యంత్రం. అంతోనియో ఫెస్సియా నాయకత్వంలోని బృందం రూపొందించిన ఈ కారులో ఇంజను వి ఆకారపు నాలుగు సిలిండర్లది. ఆ ‘వి’ ఎంత ఇరుకైనదంటే, రెండు వరుసల మధ్య కోణం దాదాపు 13 డిగ్రీలే. అందువల్ల రెండు వరుసలకూ కలిపి ఒకే సిలిండర్ హెడ్ సరిపోయింది. ఆ హెడ్‌లో రెండు క్యామ్‌షాఫ్టులు ఉంటాయి. ఒకటి పెట్రోలు, గాలి లోపలికి తీసుకునే వాల్వులన్నింటినీ, మరొకటి పొగ బయటికి వదిలే వాల్వులన్నింటినీ నడుపుతుంది. బానెట్ ఎత్తు తగ్గించడానికి మొత్తం ఇంజనును 45 డిగ్రీలు పక్కకు ఒరిగించి పెట్టారు. ఆ రోజుల్లో చాలా కార్లకు వెనుక చక్రాలకు శక్తి వెళ్లేది, దీనికి ముందు చక్రాలకు వెళ్తుంది. ఇదే కారు 1.6 లీటర్ల ఇంజనుతో, సాంద్రో మునారి, మారియో మన్నూచి చేతుల్లో 1972 మోంటే కార్లో ర్యాలీ గెలిచింది.

కొనేవాడికి అసలు ముఖ్యమైన విషయం ఏ సిరీస్ కారన్నది. మొదటి సిరీస్ 1970 దాకా నడిచింది. దాని గేర్లు నాలుగు, బ్రేకులు డన్‌లప్‌వి. కంపెనీని 1969లో ఫియట్ తీసుకున్న తరువాత, 1970లో వచ్చిన రెండో సిరీస్‌కు ఐదు గేర్లూ గర్లింగ్ బ్రేకులూ ఇచ్చారు. మొదటి సిరీస్‌లో పనితనం ఎక్కువని, రెండోదానిలో ఫియట్ పొదుపు కనిపిస్తుందని లాంచా అభిమానులు గంటల కొద్దీ వాదిస్తారు. ఆ వాదనలో కొంత నిజం ఉన్నా, డన్‌లప్ బ్రేకుల సామాను వెతుక్కోవడం కష్టమనీ, ఖర్చనీ నలుగురు మెకానిక్కులు వేర్వేరుగా చెప్పిన తరువాత నేను రెండో సిరీస్ 1.3 ఎస్ దగ్గర స్థిరపడ్డాను. 1298 సీసీ, 90 హార్స్‌పవర్. ఈనాటి లెక్కలో అది పెద్ద శక్తి కాకపోయినా, కారు బరువు టన్నుకు లోపే కాబట్టి కొండదారికి చాలు.

మొదట చూసిన ఎర్ర కారు గురించి రెండు మాటలు చెప్పాలి. అది ఆస్తి అనే పట్టణం దగ్గర ఉంది. ఊరి పేరు నిజంగా అదే, తెలుగువాడికి అక్కడ కారు కొనాలంటే శకునం బాగున్నట్టే అనిపిస్తుంది. పైగా కారుకు పేరిచ్చిన ప్రాచీన రోమన్ల బాట వియా ఫుల్వియా కూడా ఆ ఊరి మీదుగానే టొరీనోకు వచ్చేది. కారు అద్దంలా మెరుస్తోంది. అమ్మకందారు దాన్ని ఎండలో, ద్రాక్షతోట ముందు నిలబెట్టి ఉంచాడు. నేను జేబులోంచి చిన్న అయస్కాంతం తీసి గుడ్డలో చుట్టి, తలుపుల కింద పొడవునా పోయే పెట్టె రేకు మీద ఆనించాను. ముందు భాగంలో పట్టుకుంది, మధ్యలో పట్టుకుంది, వెనుక చక్రానికి జానెడు ముందు జారి గడ్డిలో పడింది. రంగు మందం కొలిచే పరికరం అక్కడ పెడితే అంకె 1,800 మైక్రాన్లు దాటింది. కర్మాగారంలో వేసిన రంగు సుమారు 100 నుంచి 150 మైక్రాన్లు ఉంటుంది. శుభ్రంగా మళ్లీ రంగు వేసినా 300 దగ్గర ఆగాలి. అంతకు మించినదంతా లప్పమే. అమ్మకందారు నా అయస్కాంతం వైపు చూసి, ‘మీరు కారు కొనడానికి వచ్చారా, పరీక్ష పెట్టడానికా’ అని అడిగాడు. రెండింటికీ వచ్చానని చెప్పి, ఆయన ఇచ్చిన కాఫీ తాగి తిరిగి వచ్చేశాను. తరువాతి నెలల్లో మరో ఐదు కార్లు చూశాను గాని వాటిలో చెప్పుకోదగ్గది లేదు.

చివరకు నేను కొన్న నీలం కారు కనవేసె కొండల్లోని ఒక పల్లెలో ఉంది. ఫుల్వియా తయారైన కివాస్సో కర్మాగారానికి అది అరగంట దూరం. యజమాని ఎనభైకి దగ్గరపడిన పెద్దాయన, మోకాళ్లు సహకరించక అంత కిందికి ఉండే సీట్లో కూర్చుని లేవలేక అమ్ముతున్నారు. ప్రకటనలో పెద్ద మాటలేవీ లేవు: 1971 కారు, నాలుగేళ్లపాటు బాగుచేయించినది, బిల్లులూ ఫొటోలూ ఉన్నాయి, ధర 19,000 యూరోలు. నేను వెళ్లేసరికి ఆయన కారును షెడ్డులోంచి బయటికి తీయలేదు. ముందు వంటింట్లో కూర్చోబెట్టి, బల్ల మీద రెండు లావుపాటి ఫైళ్లు పెట్టారు. ‘ఇవి చదివాక కారు చూద్దాం’ అన్నారు. ఆ క్రమం నాకు నచ్చింది.

మొదటి ఫైలులో బిల్లులు ఉన్నాయి. క్రోమియం పూత, పిస్టన్ రింగులు, టైమింగ్ చెయినూ దాని టెన్షనరూ, రెండు సోలెక్స్ కార్బ్యురేటర్ల మరమ్మతు కిట్లు, గర్లింగ్ బ్రేకు సిలిండర్లు, రబ్బరు బీడింగులు, తలుపు గొళ్లెం స్ప్రింగు దాకా తారీఖు వారీగా అంటించి ఉన్నాయి. బిల్లుల్లో నేను వెతికింది మొత్తం ఎంతయిందని కాదు. అది ఎప్పుడూ అమ్మే ధరను మించే ఉంటుంది, దాన్ని చూపించి బేరమాడటం ఈ రంగంలో పాత అలవాటు. ఏ పని ఎవరు చేశారు, ఎన్ని గంటలకు డబ్బు తీసుకున్నారు అన్నది చూడాలి. బాడీ పని చేసిన మేస్త్రీ బిల్లులు మూడు ఉన్నాయి. మొదటి రెండింటిలో గంటల వివరం ఉంది, మూడో దానిలో మొత్తం ఒక్కటే రాసి ఉంది. అప్పటికి దాన్ని గుర్తుపెట్టుకుని పేజీ తిప్పాను.

రెండో ఫైలు ఫొటోలది. మొత్తం 211. ప్రతి ఫొటో కింద పెద్దాయన తన చేత్తో అంకె వేసి, తారీఖు రాశారు. కారును చక్రాలూ, ఇంజనూ, అద్దాలూ లేకుండా ఒట్టి డొక్కగా ఇనుప చట్రానికి బిగించి, పక్కకు తిప్పి తీసినవి మొదట ఉన్నాయి. రంగంతా గీకేసిన రేకు మీద తుప్పు ఎక్కడెక్కడ తిన్నదో సుద్దతో సున్నాలు చుట్టి ఉంది. ఆ తరువాత కోసిన రేకు, కొత్త రేకు, వెల్డింగు, ప్రైమరు వరసగా వచ్చాయి. ఫుల్వియాలో తుప్పు గురించి తెలిసిన ఎవరైనా ముందు వెతికేది ఒక చోటు. ఇంజను, గేర్ బాక్సు, ముందు చక్రాల కమాను పట్టీ, వీటన్నింటినీ మోసే సబ్‌ఫ్రేమ్ ఒకటి విడిగా ఉండి, బాడీకి బోల్టులతో బిగుస్తుంది. దాని వెనుక చివరలు బాడీకి కలిసే చోట్ల రేకు పొరలు పొరలుగా ఉండి, నీళ్లు చేరి, లోపలి నుంచి పుచ్చిపోతాయి. పైకి ఏమీ కనిపించదు. అక్కడ రేకు బలహీనపడితే కారు ముందు భాగమంతా దేనిమీద ఆధారపడి ఉందో చెప్పలేం. కుడివైపు ఆ చోటుకు పదకొండు ఫొటోలు ఉన్నాయి, పుచ్చినదంతా తెల్లటి రేకు వచ్చేదాకా కోసి, కొత్త ముక్కను అంచుకు అంచు కలిపి వెల్డు చేసినట్టు స్పష్టంగా తెలుస్తోంది.

ఆయన అనుమతితో ఫొటోలన్నింటినీ ఫోనులో తీసుకుని, ఆ రాత్రి విజయవాడకు పంపాను. బాబాయికి ఇప్పుడు డెబ్బై రెండేళ్లు, షెడ్డు కొడుకు చూసుకుంటున్నాడు. మర్నాడు పొద్దున్నే ఫోను చేసి, పలకరింపులేవీ లేకుండా, ‘ఒరేయ్, కుడిపక్క పని బంగారంలా చేశాడు. ఎడమపక్కది ఏదిరా?’ అన్నాడు. నేను ఫొటోలు మళ్లీ తిరగేశాను. ఎడమవైపుకు సుద్ద సున్నా చుట్టిన ఫొటో ఒకటి ఉంది. దాని తరువాత అదే చోటు ప్రైమరు వేసి, బూడిద రంగులో నున్నగా కనబడే ఫొటో ఉంది. మధ్యలో ఏమీ లేదు. 211 ఫొటోలు తీసిన మనిషి ఆ ఒక్క పని దగ్గర కెమెరా ఎందుకు ఎత్తలేదన్న ప్రశ్న నాకు తట్టనే లేదు, ఉన్నవాటిని చూడటంలోనే మునిగిపోయాను. ‘లిఫ్టు మీద పెట్టించి, ఎడమపక్క చెయ్యి పెట్టి తడుము. రేకు మీద రేకు వేసుంటే అంచు తగులుతుంది’ అని బాబాయి చెప్పి పెట్టేశాడు.

తరువాతి శనివారం, పాత లాంచాల మీదే ముప్పై ఏళ్లుగా పనిచేస్తున్న ఒక మెకానిక్కును రోజు కూలికి మాట్లాడుకుని వెంట తీసుకెళ్లాను. కొనే కారు విలువతో పోలిస్తే ఆయనకు ఇచ్చిన 180 యూరోలు ఏమంత కాదు. కారును రాత్రంతా కదపకుండా ఉంచమని ముందే కోరాం, ఎందుకంటే వేడెక్కించి ఉంచిన ఇంజను తన జబ్బులు చెప్పదు. బానెట్ మీద చెయ్యి పెట్టి చల్లగా ఉందని చూసుకుని, చోక్ లాగి, సెల్ఫ్ కొట్టాం. రెండో ప్రయత్నంలో అందుకుంది. చెయిన్ చప్పుడు మొదటి పది సెకన్లు వినిపించి, ఆయిలు ప్రెషరు ముల్లు లేవగానే తగ్గిపోయింది. నీలి పొగ లేదు. వేడెక్కిన తరువాత కంప్రెషన్, అంటే సిలిండర్లలో ఒత్తిడి, చూస్తే నాలుగు సిలిండర్ల అంకెల మధ్య తేడా అర బార్ కూడా లేదు. ఆయిలు మూత అడుగున మీగడలాంటి తెల్లటి జిడ్డు ఉంటే హెడ్ గాస్కెట్ దగ్గర నీళ్లు కలుస్తున్నాయని అనుమానించాలి, అదీ లేదు. టైర్లు చూడటానికి కొత్తవే గాని, పక్కన ముద్రించిన నాలుగంకెలు 2311 అని ఉన్నాయి. అంటే 2011వ సంవత్సరం 23వ వారంలో తయారైనవి. గాడులు ఎంత లోతున్నా ఆ వయసు రబ్బరును నమ్మకూడదు. టైర్ల ధర బేరంలోకి వచ్చింది.

నడిపి చూడటం గురించి ఎంత రాసినా తనివి తీరదు గాని, కొనుగోలుకు సంబంధించినంత వరకే చెబుతాను. కొండ దిగేటప్పుడు బ్రేకు తొక్కితే కారు ఒక పక్కకు లాగుతుందా, వేగంలో ఉండగా యాక్సిలరేటర్ వదిలితే గేరు దానంతట అది జారుతుందా, స్టీరింగు పూర్తిగా తిప్పి మెల్లగా పోతే ముందు చక్రాల దగ్గర టకటక వినిపిస్తుందా అని చూశాం. మూడూ లేవు. చెక్క డాష్‌బోర్డు వెనుక నుంచి ఒక చిన్న కిరకిర మాత్రం వచ్చింది, అది కర్మాగారం నుంచే వచ్చిందని పెద్దాయన ప్రమాణం చేసినంత పని చేశారు. నిమిషానికి ఆరువేల చుట్ల దాకా పోనిచ్చినప్పుడు ఆ చిన్న ఇంజను చేసే చప్పుడు విన్న తరువాత బేరమాడటం కష్టం. అందుకే నడపడం అన్నిటికన్నా చివర పెట్టుకోమని ఎవరైనా అడిగితే చెబుతాను. నేను మాత్రం అలా చేయలేదు.

లిఫ్టు ఆ పల్లెకు కింద ఉన్న ఒక గ్యారేజీలో దొరికింది. అడుగంతా నల్లటి తారు పూత. కుడివైపు చోటును మెకానిక్కు స్క్రూడ్రైవరు పిడితో తట్టితే గట్టిగా, పొట్టిగా మోగింది. ఎడమవైపు తట్టితే చప్పుడు కొంచెం చచ్చుగా వచ్చింది. నేను చెయ్యి పెట్టి తడిమాను. తారు పూత కింద, దాదాపు అరచెయ్యంత కొలతలో, చతురస్రంగా ఒక అంచు వేలికి తగిలింది. బాబాయి ఏడువేల కిలోమీటర్ల అవతల కూర్చుని చెప్పిన అంచు అదే. పైపుల్లో పెట్టి చూసే చిన్న ఎండోస్కోపు కెమెరాను పక్కనున్న రంధ్రంలోంచి లోపలికి పోనిచ్చి ఫోనులో చూస్తే, కొత్త రేకు వెనుక పాత రేకు అలాగే ఉంది. దాని అంచులు తేనెపట్టులా చిల్లులు పడి ఉన్నాయి. తలుపుల కింది పెట్టె రేకుల్లో మాత్రం మైనం పూత నిండుగా, శుభ్రంగా కనిపించింది.

పెద్దాయన కూడా ఆ ఫోను తెర చూశారు. ఆయనకు కోపం వచ్చింది, అది నా మీద కాదు. జేబు పుస్తకం తీసి తారీఖులు వెతికి, ఆ ఏడు చలికాలంలో తన భార్య ఆస్పత్రిలో ఉన్నందువల్ల ఆరు వారాలు షెడ్డు వైపు వెళ్లలేదనీ, ఫొటోలు లేనిది ఆ ఆరు వారాలకేననీ చెప్పారు. గంటల వివరం లేని మూడో బిల్లు కూడా ఆ రోజులదే. ఆ మేస్త్రీ తరువాత షాపు మూసేశాడట. ఆయన నన్ను మోసం చేయాలనుకున్నారని నాకు ఒక్క క్షణం కూడా అనిపించలేదు. అలాగని ఆ అతుకు ఖర్చు నేనే పెట్టుకోవాలని కూడా అనిపించలేదు.

ఇంకొక విషయం కాగితాలు చూసేటప్పుడు బయటపడింది. ఛాసిస్ మీద కొట్టిన నంబరూ, పలక మీది నంబరూ, రిజిస్ట్రేషన్ పుస్తకంలోదీ ఒకటే. ఇంజను కూడా ఆ మోడలుకు చెందినదే. అయితే డాష్‌బోర్డు అడుగున, కార్పెట్ ఎత్తితే మూలల్లో, నీలం కాక లేత గోధుమ రంగు కనిపించింది. అసలు రంగు అది. ఇటలీలో పాత వాహనాల సంఘం ఏఎస్ఐ రెండు రకాల పత్రాలు ఇస్తుంది. చారిత్రక ప్రాధాన్యం ఉన్న వాహనమని చెప్పే పత్రం ఒకటి, తయారైన నాటి స్థితికి ఎంత దగ్గరగా ఉందో నిశితంగా పరిశీలించి ఇచ్చే గుర్తింపు పత్రం మరొకటి. ఈ కారుకు మొదటిదే ఉంది. రంగు మారిన కారు ధర కొంత తగ్గుతుందని సంతలో అందరికీ తెలుసు. రంగు ఎందుకు మార్చారని అడిగితే, నీలం తన భార్య ఎంచుకున్నదనీ, ఆమె ఒక్కసారి మాత్రమే ఇందులో ఎక్కిందనీ చెప్పారు. నేను రాసుకున్న బేరం జాబితాలోంచి ఆ పంక్తి కొట్టేశాను.

ఎడమవైపు అతుకు విప్పి చేయించడానికి టొరీనోలో ఒక బాడీ షాపు వాళ్లు 1,600 యూరోల దాకా అవుతుందన్నారు. టైర్లకు 500. ఈ రెండు లెక్కలూ కాగితం మీద చూపించి 16,900 అన్నాను. ఆయన ఒక పూట ఆలోచించి 17,000 అన్నారు, అక్కడ కుదిరింది. వంటింటి బల్ల మీదే ఒప్పందం రాసుకుని, 1,500 యూరోలు బయానా ఇచ్చాను. దీన్ని ఇక్కడ ‘కపర్రా కొన్ఫెర్మతోరియా’ అంటారు. సివిల్ కోడ్ 1385వ నిబంధన ప్రకారం కొనేవాడు మాట తప్పితే బయానా పోతుంది, అమ్మేవాడు మాట తప్పితే రెట్టింపు తిరిగివ్వాలి. మన దగ్గర స్థలాల బేరాల్లో ఉన్న కట్టుబాటే ఇక్కడ చట్టంలో రాసి ఉంది. ఒప్పందంలో ‘బయానా’ అంటే ఈ అర్థంలోనే అని స్పష్టంగా రాయాలి. ఊరికే అడ్వాన్సు అని రాస్తే ఈ రక్షణ ఉండదు.

బయానా ఇవ్వక ముందే మరొక పని చేశాను. వాహనాల యాజమాన్య రికార్డు ఉండే పీఆర్ఏ నుంచి నంబరు ప్లేటు ఆధారంగా వివరాలు తెప్పించుకున్నాను. కారు మీద అప్పు గాని, పన్ను బకాయి వల్ల ప్రభుత్వం పెట్టే ‘ఫెర్మో’ అనే నిషేధం గాని ఉందా, అన్నిటికీ మించి కారు ఇంకా రిజిస్టరులో ఉందా అన్నది అక్కడ తెలుస్తుంది. ఏళ్ల తరబడి పన్ను కట్టని పాత కార్లను రిజిస్టరులోంచి తీసేసిన సందర్భాలు ఇటలీలో తక్కువేమీ కావు. అలాంటి కారును మళ్లీ రోడ్డెక్కించడం వేరే యజ్ఞం. ఈ కారు మొదటినుంచీ టొరీనో జిల్లాలోనే ఉంది. ‘టీఓ’ అక్షరాలున్న పాత నల్ల ప్లేటు కూడా అలాగే ఉంది. ఇక్కడ ప్లేటు మనిషితో పోదు, కారుతోనే ఉంటుంది. ఆ నల్ల ప్లేటుకు సంతలో విలువ ఉందని అప్పుడే తెలిసింది.

యాజమాన్య మార్పిడికి పల్లెకు దగ్గరి పట్టణంలోని వాహన పత్రాల ఏజెన్సీలో ఇద్దరం కలిశాం. మిగిలిన మొత్తానికి బ్యాంకు నుంచి తెచ్చిన ‘అస్సేన్యో చిర్కొలారె’, అంటే మన డిమాండ్ డ్రాఫ్టు లాంటిది, ఆయన తన బ్యాంకుకు ఫోను చేయించి నిజమైనదేనని నిర్ధారించుకున్న తరువాతే సంతకం పెట్టారు. నకిలీ డ్రాఫ్టులతో మోసపోయినవాళ్లు ఉన్నారు కాబట్టి అందులో నొచ్చుకోవలసింది లేదు. ముప్పై ఏళ్లు దాటిన వాహనాలకు రిజిస్ట్రేషన్ మార్పు పన్ను స్థిరంగా 51.65 యూరోలే. ఏజెన్సీ రుసుములతో కలిపినా కొత్త కారుకయ్యే దానిలో చిన్న వంతే ఖర్చయింది. రోడ్డు పన్ను కూడా, కారును రోడ్డు మీద తిప్పితేనే కట్టే ఒక చిన్న స్థిర మొత్తం. సాంకేతిక పరీక్ష మాత్రం రెండేళ్లకోసారి తప్పదు.

కారు తెచ్చుకున్న వారానికి బాడీ షాపులో వదిలాను. మేస్త్రీ అతుకు పెట్టిన రేకును గ్రైండరుతో తీసేసి, లోపలి పాత రేకును వేలితో నొక్కితే అది వేయించిన అప్పడంలా విరిగింది. కుడివైపు పద్ధతిలోనే, మంచి రేకు వచ్చేదాకా కోసి, లోపలి పొరతో మొదలుపెట్టి కొత్తగా కట్టారు. అందుకు మూడు రోజులు పట్టింది, ఖర్చు అనుకున్నదానికన్నా 140 యూరోలు పెరిగింది. రోజూ ఆఫీసు నుంచి వస్తూ ఆగి, ప్రతి దశకూ ఫొటో తీశాను. వాటిని బాబాయికి పంపితే, వెల్డింగు వరస చూసి, ‘ఆ మేస్త్రీకి నా నమస్కారం చెప్పరా’ అన్నాడు. నేను చెప్పాను గాని, ఎవరు చెప్పమన్నారో ఇటాలియన్‌లో వివరించడానికి పది నిమిషాలు పట్టింది.

నెల తరువాత ఒక ఆదివారం, కొత్త టైర్లతో, అదే కారులో కనవేసెకు వెళ్లాను. ఫొటోలను ఫైలులోని పాత ఫొటోల కొలతలోనే ప్రింటు తీయించి తీసుకెళ్లాను. పెద్దాయన వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఒక్కొక్కటీ కళ్లద్దాలు పైకెత్తి చూశారు. తరువాత సొరుగులోంచి తన పెన్ను తీసి, జిగురు తీసి, చివరి పేజీ తరువాత వాటిని వరసగా అంటించి, కింద తన చేతిరాతతోనే తారీఖులు అడిగి రాస్తూ అంకెలు వేశారు: 212 నుంచి 225 దాకా.